విరూపాక్ష బజారు మండపాల్లో కుటుంబ అంగళ్ళు: చరిత్ర రచన విడిచిపెట్టిన ఒక అధ్యాయం

ఉపోద్ఘాతం

హంపిలోని విరూపాక్షాలయం తూర్పు గోపురం ఎదుట మొదలై, ఏకశిలా నంది వద్ద ముగిసే వీధికి విరూపాక్ష బజారు అని పేరు. సుమారు 750 మీటర్ల పొడవున్న ఈ వీధికి ఇరువైపులా రాతిస్తంభాల మండపాలు బారులు తీరి ఉన్నాయి. వీటిలో కొన్ని రెండంతస్తులవి. 20వ శతాబ్ది ద్వితీయార్ధంలో ఈ మండపాల్లో అనేక కుటుంబాలు కాపురముండి, వాటి ముందుభాగాల్లో చిన్నచిన్న అంగళ్ళు నడిపాయి. దేవుని దర్శనానికి వచ్చిన యాత్రికునికి కావలసిన కొబ్బరికాయ, పసుపు కుంకుమలు, విభూతి మొదలుకొని, దూరదేశాల నుంచి వచ్చిన సందర్శకుడు గుర్తుగా తీసుకువెళ్ళే రాతిబొమ్మ, లంబాడీ కుట్టుపని సంచి వరకు అక్కడ దొరికేవి. 2011 జూలై చివరలో ప్రభుత్వ యంత్రాంగం ఈ అంగళ్ళను, వాటితోపాటు ఇళ్ళను తొలగించింది. నేడు ఆ వీధిలో మిగిలినవి ప్రధానంగా స్తంభాలు, కప్పులు, ఖాళీ అరుగులు.

ఈ అంగళ్ళ గురించి రెండు రకాల రచనలు వెలువడ్డాయి. వారసత్వ పరిరక్షణ దృష్టితో రాసినవి వీటిని ఆక్రమణలుగా పేర్కొన్నాయి. నిర్వాసితుల హక్కుల దృష్టితో రాసినవి వీటిని జీవనోపాధిగా పేర్కొన్నాయి. ఈ రెండింటికీ భిన్నమైన ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. విజయనగరాన్ని తన సాహిత్య చరిత్రలో ఒక స్వర్ణయుగానికి వేదికగా చెప్పుకొనే తెలుగు సమాజానికి ఈ అంగడి ఎందుకు కనిపించలేదు? అంగళ్ళను, వీధులను, కొనుగోలుదారుల మాటలను ఆదరంతో చిత్రించిన కావ్య సంప్రదాయం మనకు ఉన్నది. అయినప్పటికీ హంపిని తలచుకొన్నప్పుడు మనుషులు లేని శిథిలాలే మన మనసులో నిలిచాయి. ఈ ఎడం ఎక్కడ ఏర్పడింది, దాని ఫలితమేమిటి అన్నవి ఇక్కడి విచారణాంశాలు.

ఒక విషయం ముందుగానే స్పష్టం చేయవలసి ఉన్నది. 20వ శతాబ్దిలో మండపాల్లో అంగళ్ళు పెట్టుకొన్నవారు 16వ శతాబ్దపు వర్తకుల వారసులని వాదించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. వారసత్వం రక్తసంబంధంగా మాత్రమే కాక, ఒక స్థలాన్ని వాడుకొనే తీరుగానూ కొనసాగుతుందని, ఆ తీరు చరిత్రకు ఆధారంగా పనికివస్తుందని మాత్రమే ఇందులోని ప్రతిపాదన.

వీధి స్వరూపం: యాత్రికుల సాక్ష్యం

1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్ ఈ వీధిని వర్ణించాడు. నగరం వెలుపల ఉత్తర దిశలో ఉన్న దేవాలయాల్లో ప్రజలు అత్యధికంగా పూజించేదానికి ఎదురుగా, తూర్పు ద్వారం ముందు, వసారాలతో, పైమేడలతో కూడిన అందమైన ఇళ్ళ వీధి ఒకటి ఉన్నదని, యాత్రికులు ఆ వసారాల్లో తలదాచుకొంటారని, ఉన్నత వర్గాల వారి బసకు వేరే ఇళ్ళు ఉన్నాయని, రాజు స్వామి దర్శనానికి వచ్చినప్పుడు దిగే భవనం కూడా అదే వీధిలో ఉన్నదని అతడు తెలిపాడు. పేస్ రచనను, 1535 తర్వాత రాసిన నూనిజ్ వృత్తాంతాన్ని రాబర్ట్ సూయెల్ 1900లో ప్రచురించిన తన గ్రంథంలో ఆంగ్లానువాదంగా వెలువరించాడు. ఆ దేవాలయాన్ని ఆయన హంపి దేవాలయంగా గుర్తించాడు.

ఈ వర్ణనలో గమనించవలసిన అంశం ఒకటి ఉన్నది. పేస్ ఈ వీధిని గురించి చెప్పినప్పుడు ముందుగా ప్రస్తావించినది బసను. రత్నాలు, ముత్యాలు, వస్త్రాలు అమ్మే పెద్ద వర్తకవీధిని, ప్రతి సాయంత్రం జరిగే సంతను అతడు నగరంలోని మరొక చోట వర్ణించాడు. అంటే నేడు మనం బజారు అని పిలిచే ఈ స్థలం కేవలం క్రయవిక్రయాలకు ఉద్దేశించినది కాదు. ఇది యాత్రికుని వీధి. రథం కదలడానికి, యాత్రికుడు నిద్రించడానికి, అన్నం తినడానికి, కావలసినది కొనుక్కోవడానికి ఏర్పడిన స్థలం. మండపంలో ఒకవైపు కాపురం, ఒకవైపు అంగడి, మరొకవైపు పరదేశికి అద్దెగది ఉన్న 20వ శతాబ్దపు వాడుక పేస్ చెప్పిన వాడుకకు దూరమైనది కాదని ఈ పోలిక వల్ల తెలుస్తున్నది.

పేస్ కంటే ముందు, 1443లో విజయనగరానికి వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ అక్కడి అంగళ్ళలో రత్నాలను బాహాటంగా అమ్మడం చూశాడు. దానికంటే విలువైన విషయం మరొకటి అతడు రాశాడు. ఎక్కడ చూసినా గులాబీలు అమ్ముతున్నారని, ఈ ప్రజలు పూలను అన్నమంత అవసరంగా భావిస్తారని అతని పరిశీలన. తెలుగు ప్రబంధాల పురవర్ణనలో పుష్పలావికలు తప్పనిసరిగా కనిపించడాన్ని కేవలం కవిసమయంగా చూసే అలవాటు మనకు ఉన్నది. పూలమ్మే స్త్రీ మాటలోని చమత్కారం కవి కల్పన కావచ్చు. అయితే పూల అంగడి మాత్రం కల్పన కాదని రజాక్ సాక్ష్యం నిరూపిస్తున్నది.

కావ్యంలో అంగడి

తెలుగు సాహిత్యంలో అంగడి అనేక విధాలుగా ప్రవేశించింది. మొదటిది రాజనీతి మార్గం. ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసంలోని రాజనీతి భాగంలో శ్రీకృష్ణదేవరాయలు రేవుపట్టణాలను వృద్ధి చేయాలని, గుర్రాలు, ఏనుగులు, మణులు, ముత్యాలు, చందనం వంటి సరకులు తెచ్చే వర్తకులను ఆదరించాలని చెప్పాడు. ఇది రాజు కంటికి కనిపించిన వర్తకం. ఇందులో సరకు రాజ్యబలానికి సాధనం. వీధి చివర కూర్చొన్న చిల్లర వర్తకుడు ఈ దృష్టిపథంలోకి రాడు.

రెండవది వీధివెంట నడిచే మనిషి మార్గం. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామంలో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ కనిపించినదానిపై వ్యాఖ్యానిస్తారు. వారిలో ఒకడు వైశ్యుడు కావడం గమనార్హం. లక్ష్మణవజ్ఝల నడిపే పూటకూళ్ళ ఇంటిలో రూకకు దొరికే భోజనాన్ని కవి పదార్థాల పేర్లతో సహా వర్ణించాడు. ఇల్లే వ్యాపారస్థలం కావడం, ఇంటివారే వండి వడ్డించడం, పరదేశి రూక చెల్లించి అతిథివలె భుజించడం అన్న మూడు లక్షణాలూ అక్కడ ఉన్నాయి. కుటుంబం నడిపే వ్యాపారానికి మన సాహిత్యంలో ఇంత స్పష్టమైన ప్రాచీన చిత్రణ అరుదు.

మూడవది జాబితా మార్గం. శుకసప్తతి, హంసవింశతి వంటి కథాకావ్యాల్లో వృత్తులు, వస్తువులు, ఆటలు, వస్త్రాలు, తినుబండారాల పేర్లు గుదిగుచ్చి కనిపిస్తాయి. కావ్యశిల్ప దృష్టితో వీటిని కొందరు విమర్శకులు దోషంగా పరిగణించారు. సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర ఈ జాబితాలనే ప్రధానాధారాలుగా తీసుకొన్నది. రాజుల వంశవృక్షాలకు పనికిరాని పద్యాలు ప్రజల చరిత్రకు పనికివస్తాయని ఆయన నిరూపించారు. 1955లో సాహిత్య అకాడమీ పురస్కారం ఆ గ్రంథానికి లభించడం ఆ పద్ధతికి లభించిన గౌరవంగా భావించవచ్చు.

అయితే విజయనగర చరిత్రకు కావ్యాలను ఆధారంగా వాడుకొన్న మరొక ధోరణి దీనికి భిన్నమైనది. ఎస్. కృష్ణస్వామి అయ్యంగార్ 1919లో ప్రచురించిన విజయనగర చరిత్ర ఆధారాల సంకలనం, దానికి కొనసాగింపుగా కె.ఎ. నీలకంఠశాస్త్రి, నేలటూరి వెంకటరమణయ్య 1946లో వెలువరించిన సంపుటాలు తెలుగు కావ్యాలకు చరిత్రకారుల లోకంలో గౌరవస్థానం కల్పించాయి. ఆ కృషి లేనిదే నేటి పరిశోధన లేదు. కాని వాటిలో ప్రాధాన్యం లభించినది ప్రధానంగా వంశానుక్రమణికకు, దండయాత్రలకు, కాలనిర్ణయానికి. అవతారికకు చరిత్ర విలువ లభించినంతగా పురవర్ణనకు లభించలేదు. ఓరుగల్లు వీధిని సురవరం చదివిన కంటితో హంపి వీధిని చదవడం అందువల్ల ఆలస్యమైంది.

శిథిల హంపి అనే భావన

1565 నాటి రాక్షసితంగడి యుద్ధానంతరం విజయనగరం రాజధానిగా అంతమైంది. కాని విరూపాక్షాలయంలో పూజ కొనసాగింది. చైత్రంలో జరిగే రథోత్సవం, పంపా విరూపాక్షుల కల్యాణం నేటికీ ఆ వీధిలో జనాన్ని నింపుతున్నాయి. నగరమంతా పాడుబడినా ఈ ఒక్క వీధికి పని పూర్తిగా తప్పలేదు. దేవుడు ఉన్నచోట యాత్రికుడు, యాత్రికుడు ఉన్నచోట అంగడి ఉండడం సహజం.

20వ శతాబ్ది పూర్వార్ధంలో తెలుగువారి హంపి భావన మరొక దారిలో రూపొందింది. బళ్ళారి జిల్లా 1953 వరకు మద్రాసు రాష్ట్రంలో భాగం. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవ వంటి నాటకప్రముఖులకు అది నెలవు. ఆంధ్రోద్యమ కాలంలో విజయనగర పతనం జాతీయ విషాదంగా స్థిరపడింది. కొడాలి వెంకట సుబ్బారావు హంపీక్షేత్రము ఆ శోకానికి మిక్కిలి ప్రసిద్ధమైన కావ్యరూపం. ఈ ధోరణిలోని రచనల్లో కవి శిథిలాల నడుమ ఒంటరిగా నిలిచి గతవైభవాన్ని తలచుకొంటాడు. రాయి పలుకుతుంది, తుంగభద్ర విలపిస్తుంది. ఆ క్షణాన అక్కడ కాపురమున్న మనిషికి ఈ దృశ్యంలో చోటు లేదు.

ఈ భావనను తప్పుపట్టడం చరిత్ర దృష్టి కాదు. ప్రత్యేక రాష్ట్రం కోసం, భాషాగౌరవం కోసం సాగిన పోరాటంలో ఆ కవిత్వం తన పని తాను చేసింది. కాని దాని పర్యవసానాన్ని గుర్తించడం అవసరం. హంపి అంటే అంతరించినది అన్న నిర్వచనం మన సాహిత్య సంస్కారంలో స్థిరపడింది. యునెస్కో 1986లో హంపి కట్టడాల సముదాయాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినప్పుడు పేర్కొన్న ఆధారాల్లో, అంతరించిన విజయనగర నాగరికతకు ఇది సాక్ష్యమన్నది ఒకటి. కవి శోకానికీ, అంతర్జాతీయ సంస్థ పరిభాషకూ మధ్య నేరుగా సంబంధం లేదు. అయినా రెండూ ఒకేచోట కలుసుకొన్నాయి. అంతరించినదానిలో బ్రతికి ఉన్నవారు పరాయివారే అవుతారు.

మండపంలో కాపురం, ముంగిట అంగడి

మండపాన్ని అంగడిగా మార్చుకొన్న విధానం సరళమైనది. వీధివైపు తెరిచి ఉన్న స్తంభాల నడుమ ఇటుకతోనో, రాతితోనో గోడ కట్టడం, తలుపు పెట్టడం, ముందు అరుగును సరకు పరచుకొనే స్థలంగా ఉంచుకోవడం, వెనుకభాగంలో వంట, పడక ఏర్పరచుకోవడం. విజయనగర కాలపు కప్పే ఇంటికి కప్పు. ఈ ఏర్పాటులో కుటుంబానికి, వ్యాపారానికి మధ్య గోడ లేదు. ఇంటి ఆడవారు వంటపని చేస్తూనే బేరం చూసుకొనేవారు. పిల్లలు అంగట్లోనే పెరిగేవారు. ఇటువంటి వ్యాపారంలో ఇంటివారి శ్రమకు వేరుగా కూలి ఉండదు. అందుచేతనే వ్యాపార గణాంకాల్లో స్త్రీల శ్రమ కనిపించదు.

అంగట్లోని సరకు రెండు కాలాలకు చెందినది. మొదటిది యాత్రాసరకు: కొబ్బరికాయలు, పూలు, పసుపు కుంకుమలు, విభూతి, రుద్రాక్షలు, గాజులు, దేవుని పటాలు. రెండవది పర్యాటక సరకు: చిన్న రాతిశిల్పాలు, ఇత్తడి వస్తువులు, పలచని నూలుదుస్తులు, అద్దాలు కుట్టిన సంచులు, పుస్తకాలు, చిత్రపటాలు. మొదటి వర్గానికి ఉత్సవాలు, పర్వదినాలు ఋతువు. రెండవ వర్గానికి శీతకాలం ఋతువు. ఒకే అరుగు మీద రెండు పంచాంగాలు నడిచాయని చెప్పవచ్చు.

ఈ రెండు వర్గాలకూ మూలమైన భావన ఒక్కటే. మన సమాజంలో యాత్రకు వెళ్ళినవారు వట్టిచేతులతో తిరిగిరారు. వెళ్ళలేకపోయినవారికి ప్రసాదం, కుంకుమ, గాజులు, పిల్లలకు ఒక బొమ్మ తేవడం మర్యాద. యాత్రాఫలంలో వారికి అందవలసిన వాటా అది. తిరునాళ్ళలో కొన్న వస్తువుకు వెలతో నిమిత్తం లేని విలువ ఉండేది ఇందువల్లనే. కానుక అనే మాట దేవునికి సమర్పించేదానికీ, మనుషులకు ఇచ్చేదానికీ సమానంగా వర్తించడం ఈ సందర్భంలో గమనించదగినది. యాత్రికుడు దేవునికి కానుక వేసి, ఇంటికి కానుక కొని వెళ్తాడు. ఈ రెండింటి నడుమ నిలిచేది గుడి ముందరి అంగడి. విదేశీ సందర్శకుడు కొనే జ్ఞాపిక ఈ పాత ఆచారానికి కొత్త రూపమే తప్ప పూర్తిగా కొత్తది కాదు.

సరకు వెనుక పరిసర గ్రామాల చేతిపని కూడా ఉన్నది. సండూరు ప్రాంతపు లంబాడీ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు లభించింది. ఏటి ఆవలి ఆనెగొందిలో అరటినారతో సంచులు, చాపలు తయారుచేసే పని సాగుతున్నది. తండా స్త్రీలు తాము కుట్టినవి తెచ్చి ఈ వీధిలో స్వయంగా అమ్మేవారు. ఈ అంగళ్ళు లేనినాడు చేతిపనికి అమ్మకపు చోటు దూరమవుతుంది. అంగడి చరిత్రను విడిచి చేతిపని చరిత్రను మాత్రమే రాయడం ఈ కారణంగా అసంపూర్ణం.

పదాల సాక్ష్యం కూడా ఇక్కడ ఉపకరిస్తుంది. అంగడి అంటే రాయలసీమలో, కన్నడదేశంలో దుకాణం. తెలంగాణలో అదే మాటకు వారపు సంత అన్న అర్థం ప్రధానం. బజారు పారశీక పదం. కోస్తాంధ్రలో కొన్నిచోట్ల బజారు అంటే కేవలం వీధి. ఇల్లు, వీధి, క్రయవిక్రయాలు వేర్వేరు కావన్న అనుభవం ఈ అర్థపరిణామంలో నిక్షిప్తమై ఉన్నది. హంపిలో పాన్‌సుపారీ బజారు, కృష్ణ బజారు, విఠ్ఠల బజారు అన్న పేర్లు శిథిలాలకు నిలిచిపోయాయి. బజారు అన్న మాటకు సార్థకత మిగిలినది విరూపాక్ష వీధికే.

2011: తొలగింపు, దాని తర్కం

పరిరక్షణ పక్షాన బలమైన కారణాలు ఉన్నాయి. వాటిని తేలికగా కొట్టివేయరాదు. సిమెంటు గోడలు శిల్పస్తంభాలను కప్పివేశాయి. రంగులు, మేకులు, పొయ్యిల పొగ, మురుగునీరు రాతికి హాని కలిగిస్తాయి. పర్యాటకం పెరిగినకొద్దీ అదనపు నిర్మాణాలు పెరిగాయి. తుంగభద్రపై ఆనెగొంది వద్ద తలపెట్టిన వంతెనల నిర్మాణం కారణంగా హంపి 1999 నుంచి 2006 వరకు ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో ఉన్నది. ఆ అనుభవం తర్వాత ప్రభుత్వ యంత్రాంగం మీద ఒత్తిడి పెరిగింది. హంపి ప్రపంచ వారసత్వ ప్రాంత నిర్వహణకై కర్ణాటక 2002లో ప్రత్యేక చట్టం చేసింది. 1958 నాటి కేంద్ర పురావస్తు చట్టానికి 2010లో జరిగిన సవరణ రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు నిర్మాణాలను నిషేధించింది, ఆపై 200 మీటర్ల వరకు నియంత్రించింది.

2011 జూలైలో తొలగింపు అతి తక్కువ వ్యవధిలో జరిగింది. సుమారు మూడువందల కుటుంబాలు ఇళ్ళను, అంగళ్ళను ఒకేసారి కోల్పోయాయి. పునరావాసానికి కొన్ని కిలోమీటర్ల దూరంలోని కడ్డిరాంపుర వద్ద స్థలం చూపారు. ఇంటికి ప్రత్యామ్నాయంగా ఇంటిస్థలం ఇవ్వవచ్చు. కాని యాత్రికుడు నడిచే దారికి ప్రత్యామ్నాయం ఇవ్వడం సాధ్యం కాదు. గుడి ముందరి అంగడికి విలువ దాని గోడల్లో లేదు, గుడి ముందు ఉండడంలో ఉన్నది. బజారుకు పక్కన ఉన్న జనతా ప్లాటు ప్రాంతంలో కొన్ని అంగళ్ళు, బసలు కొనసాగుతున్నాయి. నది ఆవల విరూపాపురగడ్డెలోని నిర్మాణాలను తొలగించాలన్న ఉత్తర్వును 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సమర్థించింది. అంటే 2011 నాటి చర్య ఏకైక సంఘటన కాదు, ఒక విధానంలో భాగం.

ఈ విధానం వాడిన ముఖ్యపదం ఆక్రమణ. తెలుగు చరిత్ర పుస్తకాల్లో ఇదే మాటను సైన్యాలు రాజ్యాలను పట్టుకోవడానికి వాడతాం. విజయనగరాన్ని 1565లో కొల్లగొట్టినవారి చర్యకూ, అదే నగరపు అరుగు మీద గాజులు అమ్ముకొనే కుటుంబం చర్యకూ ఒకే పదం వర్తించడం భాషాపరంగా చిన్న విషయం కావచ్చు. కాని పదం తీర్పును ముందే చెప్పివేస్తుంది. చట్టపరంగా ఆక్రమణ అయినది సామాజికంగా వాడుక కావచ్చు. చట్టం మొదటిదాన్ని నిర్ణయిస్తుంది. రెండవదాన్ని పరిశీలించవలసినది చరిత్రకారుడు.

అంతకంటే మౌలికమైన అంశం మరొకటి ఉన్నది. మండపాలను ఏ కాలపు స్థితికి తీసుకురావాలన్నది పరిరక్షణలో తప్పనిసరి ప్రశ్న. పేస్ చూసిన కాలానికి అనుకొంటే ఆ వీధిలో వసారాలు, మేడలు, బసలు, జనం ఉండాలి. ఖాళీ మండపాలు రాయల కాలపు స్థితి కాదు. అవి 1565 తర్వాతి విధ్వంసపు స్థితి. వీధిని ఖాళీ చేయడం వల్ల మనం రాయల వీధిని తిరిగి పొందలేదు. శిథిల హంపి భావన కోరిన వీధిని సృష్టించుకొన్నాం.

రెండు పోలికలు

చారిత్రక కట్టడానికి, జనానికి మధ్య వచ్చే ఘర్షణ హంపికి పరిమితం కాదు. తిరుమలలో శ్రీవారి ఆలయం ఎదుట ఉండిన 15వ శతాబ్దపు వేయికాళ్ళ మండపాన్ని 2003లో తొలగించారు. పెరిగిన భక్తజనానికి చోటు కల్పించడం దానికి చెప్పిన కారణం. అక్కడ జనం కోసం రాయిని తొలగించారు. హంపిలో రాయి కోసం జనాన్ని తొలగించారు. రెండు నిర్ణయాలూ పరస్పర విరుద్ధంగా కనిపించినా, కట్టడమూ దాని వాడుకా ఒకేచోట కలిసి ఉండలేవన్న ఊహ రెండింటికీ సమానం.

హైదరాబాదులోని లాడ్‌బజారు ఈ ఊహకు ప్రత్యుదాహరణ. 1591లో నిర్మితమైన చార్మినారు నుంచి పడమరగా సాగే ఈ వీధిలో తరతరాలుగా కుటుంబాలు గాజుల అంగళ్ళు నడుపుతున్నాయి. వేడిచేసిన లక్కను కడియంగా మలచి రాళ్ళు పొదిగే పని అంగళ్ళలోనూ, పరిసరాల ఇళ్ళలోనూ సాగుతుంది. 2024లో హైదరాబాదు లక్కగాజులకు భౌగోళిక గుర్తింపు లభించింది. పెళ్ళి సామగ్రికి వచ్చే స్థానికులు, గుర్తుగా ఒక జత కొనే పర్యాటకులు ఒకే అంగట్లో కలుస్తారు. చార్మినారు పరిసరాల రద్దీ, కాలుష్యం, నిర్మాణాల సమస్యలు తీరాయని దీని అర్థం కాదు. అంగడిని తొలగిస్తే చార్మినారు చరిత్రలో ఒక భాగం పోతుందన్న గుర్తింపు మాత్రం నగరవాసుల్లో ఉన్నది. లాడ్‌బజారు గాజులకు పాటల్లో, కథల్లో, పెళ్ళి ఆచారాల్లో స్థానం ఏర్పడడం ఆ గుర్తింపును నిలిపింది. హంపి అంగడికి అటువంటి సాహిత్య రక్షణ కరువైంది.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. విరూపాక్ష బజారు మొదటి నుంచీ బస, పూజ, క్రయవిక్రయాలు కలిసిన యాత్రికుల వీధి. మండపాల్లోని కుటుంబ అంగళ్ళు ఆ వాడుకకు 20వ శతాబ్దంలో ఏర్పడిన రూపం. తెలుగు కావ్య సంప్రదాయం అంగడిని చరిత్రలో భాగంగా చూడగల దృష్టిని మనకు ఇచ్చింది గాని, ఆధునిక కాలంలో హంపిని శోకస్థలంగా మాత్రమే భావించడం వల్ల ఆ దృష్టి అక్కడ పనిచేయలేదు.

స్తంభాలకు గోడలు కట్టుకొని కాపురముండడమే పరిరక్షణ అని ఎవరూ అనలేరు. గోడలు తొలగించి, అరుగులను పరిమితమైన అంగళ్ళకు కేటాయించి, నివాసాన్ని సమీపంలో ఏర్పరచే మధ్యేమార్గం ఆలోచించదగినదిగా ఉండేది. అటువంటి ఆలోచన జరగాలంటే అంగడి కూడా వారసత్వమేనని చెప్పగల పరిశోధన ముందుగా ఉండాలి. పరిశోధన లేనిచోట నిర్ణయం చట్టానికే మిగులుతుంది.

అందువల్ల తెలుగు, కన్నడ శాఖలు కలిసి చేయవలసిన పని ఒకటి ఉన్నది. ఆ వీధిలో అంగళ్ళు నడిపిన తరం ఇంకా జీవించి ఉన్నది. వారి చిట్టాలు, అద్దె రసీదులు, పాత ఛాయాచిత్రాలు, ఉత్సవాల నాటి అమ్మకాల జ్ఞాపకాలు, సరకుల పేర్లు, తెలుగు కన్నడాలు కలిసిన బేరపు మాటలు సేకరించవలసినవి. 2011లో పసివారుగా ఉండి ఆ అరుగుల మీద ఆడుకొన్నవారు ఇప్పుడు పెద్దవారయ్యారు. ఆ అరుగుల మీద జీవించిన చివరి తరం వారే. హంసవింశతిలోని వస్తువుల జాబితాను నేడు మనం నిఘంటువుల సాయంతో, సందేహాలతో చదువుతున్నాం. అందులోని అనేక వస్తువులను చూసినవారు లేరు. విరూపాక్ష బజారు విషయంలో చూసినవారు, అమ్మినవారు కడ్డిరాంపురలో ఉన్నారు. వారిని అడిగి రాసుకొనే అవకాశం ఈ తరం పరిశోధకులకు ఇంకా మిగిలి ఉన్నది.